పక్కటెముకల దారిలో బైపాస్: మీ ప్రశ్నలు, నా జవాబులు

రెండు సంచికల కిందట, ఛాతీ మధ్య ఎముక కోయకుండా పక్కటెముకల సందులోంచి చేసే బైపాస్ గురించి నాలుగు ముక్కలు రాశాను. చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు ఉత్తరాలు రాస్తారనుకున్నా. వచ్చినవి దాదాపు అన్నీ చేయించుకున్నవాళ్ల దగ్గర్నుంచే. ఇంటికెళ్లాక ఏదో తేడా కనిపించింది, ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్ చేయడానికి మొహమాటం, అందుకని నాకు రాశారు. ‘చిన్న ఆపరేషనే కదా, నేనే ఎక్కువ చేస్తున్నానేమో’ అన్న మాట ఇంచుమించు ప్రతి ఉత్తరంలోనూ ఉంది.

ఆ మాట మీకు అంటగట్టింది మేమే, సర్జన్లమే. ఆపరేషన్ ముందురోజు మంచం పక్కన నిలబడి, బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి ‘ఇంతే గాటు’ అని చూపిస్తాం. గాటు నిజంగానే అంతే. ఎడమ రొమ్ము కింద, నాలుగో సందులోనో అయిదో సందులోనో 5 నుంచి 8 సెంటీమీటర్లు. ఆ సందులోంచి చేసే పని మాత్రం పెద్దది. రొమ్ము ఎముక వెనక నుంచి కిందికి దిగే ధమనిని జాగ్రత్తగా ఒలిచి తీసి, కొట్టుకుంటున్న గుండె మీద, రెండు మిల్లీమీటర్ల నాళానికి వెంట్రుకంత దారంతో కుట్టాలి. అది జరుగుతున్నంతసేపూ ఎడమ ఊపిరితిత్తిలో గాలి లేకుండా ముడిచి పెడతారు. పక్కటెముకలను స్టీలు పరికరంతో ఎడం చేసి ఉంచుతారు. ఈసారి ఉత్తరాల్లోని ఇబ్బందులు చాలావరకు ఈ రెండు పనుల దగ్గరే మొదలయ్యాయి.

ప్రశ్న: నా వయసు 54. ఆపరేషన్ అయి అయిదు వారాలు. కుట్లు శుభ్రంగా మానాయి. కానీ గాటు దగ్గర్నుంచి వీపు వైపు ఒక పట్టీలా మంట. చొక్కా తగిలినా ఒళ్లు జల్లుమంటోంది. నాతోపాటు అదే వారం ఛాతీ మధ్యలో కోసి చేయించుకున్నాయన హాయిగా తిరుగుతున్నారు. నాకు గుండె నొప్పి మళ్లీ మొదలైందా? మాత్రలు మానేసి ఓర్చుకోవడం మంచిదా?

జవాబు: ఒక పట్టీలా అన్నారు చూడండి, రోగ నిర్ధారణ అందులోనే ఉంది. ప్రతి పక్కటెముక కింది అంచున ఒక గాడి ఉంటుంది. అందులో ఒక సిర, ఒక ధమని, ఒక నరం కలిసి వెన్ను నుంచి ముందుకు వస్తాయి. ఎముకలను ఎడం చేసినప్పుడు ఆ నరం నలుగుతుంది. నలిగిన నరం కోసిన చోటే నొప్పి పెట్టి ఊరుకోదు. తను తిరిగే దారి పొడుగునా మంట పెడుతుంది, చొక్కా తగలడం లాంటి చిన్న స్పర్శను కూడా నొప్పిగా చెబుతుంది.

మీ స్నేహితుడితో పోల్చుకోకండి. ఆయన రొమ్ము ఎముకను కోశారు, తీగతో బిగించి కట్టారు. అది కదలకుండా ఉండి అతుక్కుంటుంది. మీ పక్కటెముకలకు ఆ విశ్రాంతి లేదు. నిమిషానికి 14 సార్లు ఊపిరి తీసినా రోజుకు 20 వేల సార్లు కదలాలి. అందుకే మొదటి రోజుల్లో ఈ చిన్న గాటు ఆ పెద్ద గాటు కన్నా ఎక్కువ బాధ పెట్టవచ్చు. ఈ మాట ముందే చెప్పని సర్జన్ మీద మీరు కోప్పడితే నేను అడ్డురాను.

ఇది గుండె నొప్పా కాదా అన్న భయానికి: వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించగలిగే నొప్పి, పక్కకు తిరిగితే, దగ్గితే, నొక్కితే పెరిగే నొప్పి సాధారణంగా ఛాతీ గోడది. నడుస్తుంటే మొదలై, బరువు పెట్టినట్టు ఛాతీ అంతా బిగించి, దవడకో చేతికో పాకి, ఆగితే తగ్గేది గుండెది. ఆపరేషన్‌కి ముందు మీకు వచ్చిన నొప్పి ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. అదే నొప్పి మళ్లీ వస్తే, ఎంత తక్కువగా ఉన్నా సరే, ఈసీజీ తీయించుకోవాల్సిందే. విశ్రాంతిగా ఉన్నా తగ్గకపోతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక ఓర్చుకోవడం. వద్దు. నొప్పికి భయపడి సగం ఊపిరితోనే సరిపెట్టుకునేవాళ్లకు ఊపిరితిత్తి కింది భాగం తెరుచుకోదు. కఫం అక్కడే నిలుస్తుంది, దాని వెనకే నెమ్ము వస్తుంది. పారాసెటమాల్‌ను నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం ప్రకారం, మీ డాక్టర్ చెప్పిన డోసులో వేసుకోండి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ జాతి మాత్రలు మాత్రం మందుల షాపులో అడిగి కొనుక్కోకండి. బైపాస్ తర్వాతి రోజుల్లో అవి గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతాయి. మూత్రపిండాలకూ చేటు. పైగా ఇబుప్రొఫెన్ మీ ఆస్పిరిన్ పనికి అడ్డుపడుతుంది. నరం మంటకు గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ లాంటి మందులు వేరే ఉన్నాయి. చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుతారు. మొదటి వారం మత్తుగా, తూలుతున్నట్టు ఉంటుంది కాబట్టి బండి నడపకండి. మానిన చర్మం మీద అంటించే లిడోకైన్ పట్టీలు కొందరికి బాగా పనిచేస్తాయి. వీటికీ లొంగకపోతే పక్కటెముక కింది నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చే పెయిన్ క్లినిక్ డాక్టర్లు ఉన్నారు. నెలలు గడిచేకొద్దీ ఎక్కువమందిలో తగ్గుతుంది. మూడు నెలలు దాటినా ఇలాగే ఉంటే ఆ క్లినిక్‌కి వెళ్లడం ఇంకా వాయిదా వేయకండి.

రెండు విషయాలు గమనించండి. ఊపిరి తీసినప్పుడు ఎముక దగ్గర ‘టక్’మంటే, ముందువైపు మృదులాస్థి జారి ఉండొచ్చు లేదా పక్కటెముక చిట్లి ఉండొచ్చు. ఎక్కువగా వాటంతటవే అతుక్కుంటాయి. దగ్గినప్పుడు గాటు దగ్గర మెత్తటి ఉబ్బు బయటికొచ్చి, దగ్గు ఆగగానే లోపలికి పోతుంటే మాత్రం సర్జన్‌కి చూపించాలి. ఎముకల సందులోంచి ఊపిరితిత్తి తోసుకొస్తోందేమో సీటీ స్కాన్‌లో చూస్తారు. ఇది అరుదు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. ఆపరేషన్ అయి నెల. ఎడమ రొమ్ము లోపలివైపు గిల్లినా తెలియడం లేదు. గాటు రొమ్ము మడత కిందికి వచ్చింది, అక్కడ ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది. మగ డాక్టర్‌ని అడగలేక రాస్తున్నాను.

జవాబు: అమ్మా, మొద్దుబారడం ఆ ధమనిని ఒలిచి తీసినందువల్ల. దాని పక్క నుంచి చర్మానికి వచ్చే సన్నటి నరపు పోగులు తెగుతాయి. నెలల మీద స్పర్శ కొంత తిరిగి వస్తుంది. అరచేతిలో సగమంత చోట రాకుండానే ఉండిపోవచ్చు. దాంతో ప్రమాదం లేదు. అయితే అక్కడ వేడి నీళ్ల సంచి పెట్టకండి, కాలినా తెలియదు.

నన్ను కలవరపెడుతున్నది ఆ చెమ్మ. స్నానం తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది, ఆ మడతను ఎత్తి కాసేపు గాలి తగలనివ్వండి. రుద్దొద్దు, పౌడరు వేయొద్దు. మడతలో మెత్తటి పొడి నూలు గుడ్డ పెట్టి, తడవగానే మార్చండి. లోపల తీగ లేని, గాటును ఒరవని మెత్తటి లోదుస్తులు పగలు వేసుకుంటే రొమ్ము బరువు కుట్ల మీద పడదు. అద్దం పట్టుకుని రోజుకోసారి చూసుకోండి. ఎరుపు వెడల్పవుతున్నా, వాసన వచ్చినా, చుక్క చీము కనిపించినా, 101 జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి. షుగర్ ఉన్నవాళ్లకు అదే రోజు అన్న మాట మరీ ముఖ్యం. పరీక్ష చేసేటప్పుడు ఆడ నర్సు పక్కన ఉండాలని అడగండి. అడగడం మీ హక్కు, అది ఎవరికీ కొత్త కాదు.

ప్రశ్న: మా ఆయనకు ఆపరేషన్ అయి 16 రోజులు. ఇంటికొచ్చాక పది రోజులు బాగా నడిచారు. మూడు రోజులుగా నాలుగడుగులేస్తే ఆయాసం. రాత్రుళ్లు మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నారు. గుండె దడకని రక్తం పలుచబడే మాత్ర కూడా వాడుతున్నారు. దగ్గరలోని డాక్టర్ దగ్గు మందు ఇచ్చి వారం ఆగమన్నారు. ఆగవచ్చా?

జవాబు: ఆగకూడదు. అందుకే మీ ఉత్తరం చేరిన గంటలోనే పత్రిక వాళ్ల చేత ఫోన్ చేయించాను. ఇలాంటి ప్రశ్నకు పత్రికలో జవాబు కోసం ఎవరూ ఎదురుచూడకండి. మీవారికి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారని, ఇప్పుడు తేరుకున్నారని మీరే మళ్లీ చెప్పారు కాబట్టి, మిగతావాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను.

బాగా నడిచిన మనిషి రెండో వారంలోనో మూడో వారంలోనో వెనకడుగు వేస్తే దానికి కారణం ఉండి తీరుతుంది. చాలామందిలో కనిపించేది ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు. ధమనిని తీసేటప్పుడు ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర తెరుచుకుంటుంది. కొద్దిపాటి నీరు దాదాపు అందరికీ చేరుతుంది, దానంతటదే ఇంకిపోతుంది. ఎక్కువై ఆయాసం తెప్పిస్తే అల్ట్రాసౌండ్ చూస్తూ వీపు వైపు నుంచి సూదితో లాగుతారు. ఒక్క విడతలో సాధారణంగా లీటరున్నర దాటనివ్వరు, ముడుచుకున్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే అదో ఇబ్బంది కాబట్టి. తీస్తున్నప్పుడు దగ్గు తెర వస్తుంది. గాబరా పడొద్దు, ఊపిరితిత్తి తెరుచుకుంటున్నప్పుడు వచ్చే దగ్గే అది. నొప్పి బిగించినట్టు పెరిగితే మాత్రం వెంటనే చెప్పాలి.

రెండో కారణం, నాకు నిద్ర పట్టనివ్వనిది: గుండె చుట్టూ రక్తం చేరడం. రక్తం పలుచబడే మందు వాడేవాళ్లలో ఇది రెండో వారంలో కూడా, మూడో వారంలో కూడా రావచ్చు. చేరిన రక్తం గుండెను బయటి నుంచి అదిమేస్తుంది. నిండాల్సిన గుండె నిండదు.

చాలా ఏళ్ల కిందటి మాట. సాయంత్రం ఓపీ రద్దీలో ఉండగా ఫోన్. నేను 13 రోజుల కిందట ఆపరేషన్ చేసిన పెద్దాయన. ‘నీరసంగా ఉంది డాక్టర్‌గారూ, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, పొద్దుటి నుంచీ ఒక్కసారే ఒంటికి పోశాను’ అన్నారు. నీళ్లు సరిగ్గా తాగండి, పొద్దున్నే రండి అన్నాను. మూడు లక్షణాలూ ఆయన నోటితో ఆయనే చెప్పారు, నేను విని కూడా వినలేదు. రాత్రి రెండింటికి తీసుకొచ్చారు. పై బీపీ 80. చేతులు చల్లగా, మెడ మీద సిరలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) పెట్టగానే గుండె చుట్టూ నల్లగా కనిపించింది. అదే గాటును మళ్లీ తెరిచి రక్తం తీసేశాం. గుండె చుట్టూ ఉండే పొర తెరవగానే మానిటర్ మీద బీపీ 80 నుంచి 120కి లేవడం ఇప్పటికీ కళ్ల ముందుంది. బతికారు. నాలుగో రోజు నాతో అన్నారు: ‘గాటు చిన్నదే కదా, మధ్యాహ్నం దాకా ఫోన్ చేయడానికే సిగ్గేసింది’. ఆ రోజు నుంచి ‘ఇంతే గాటు’ అని వేళ్లతో చూపించడం మానేశాను.

కాబట్టి ఆయాసంతోపాటు కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం, గుండె వేగం పెరగడం, బీపీ పడిపోవడం ఉంటే అది గంటల వ్యవహారం. ఎకో పది నిమిషాల పని. ఏదేమైనా సరే, ముందు అది చేయించండి. ‘నాకు ఇన్నో రోజున బైపాస్ అయింది, రక్తం పలుచబడే మందు వాడుతున్నాను’ అన్న రెండు ముక్కలు అత్యవసర విభాగంలో మొదట చెప్పండి. పక్కటెముకల మీది చిన్న మచ్చ చూసి అక్కడి డ్యూటీ డాక్టర్‌కు బైపాస్ అని తట్టకపోవచ్చు. వాళ్ల కళ్లు ఛాతీ మధ్య పొడుగాటి మచ్చ కోసం వెతుకుతాయి.

మూడోది తక్కువమందికి. కూర్చుంటే బాగుంటుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, ఎకో బాగుంది, నీరూ లేదు. అప్పుడు ఎక్స్‌రేలో ఎడమ ఉదరవితానం (ఊపిరితిత్తి కింద ఉండి ఊపిరి తీయించే కండరపు పొర) పైకి లేచి ఉందేమో చూడాలి. దానికి వెళ్లే నరం మెడ నుంచి గుండె పక్కగా దిగుతుంది, మేం ధమనిని తీసే చోటికి దగ్గరగానే. అది నలిగితే కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. ఊపిరి కసరత్తుకని ఆసుపత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరాన్ని అటక మీద పారేసినవాళ్లు దింపి మళ్లీ మొదలుపెట్టండి. బంతులు టక్కున ఎగరడం గొప్ప కాదు. నెమ్మదిగా పీల్చి, వాటిని పైన కాసేపు నిలపాలి.

వీటితోపాటు గుండె బలం తగ్గిందా, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందా అన్నవి కూడా డాక్టర్ చూస్తారు. ఇంట్లో మీరు చేయగల పని ఒకటుంది. రోజూ పొద్దున్నే ఒంటికి పోసుకున్నాక అదే తూకం మీద బరువు చూసి రాసిపెట్టండి. ఒక్క రోజులో కిలోకు పైగా, వారంలో రెండు కిలోలకు పైగా పెరిగితే అది ఒంట్లో చేరుతున్న నీరు.

ప్రశ్న: మూడో వారం నుంచి సాయంత్రానికి 100 జ్వరం. గట్టిగా ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. గాటు బాగానే ఉంది. రెండు రకాల యాంటీబయాటిక్స్ అయిపోయాయి. ఇప్పుడు మూడోది రాశారు.

జవాబు: మూడోది మొదలుపెట్టే ముందు సర్జన్‌ని కలవండి. గుండె పొరను తెరిచిన కొన్ని రోజులకో వారాలకో ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ పొర మీదే తిరగబడడం ఉంది. జ్వరం, ముందుకు వంగితే తగ్గే నొప్పి, గుండె చుట్టూనో ఊపిరితిత్తి చుట్టూనో కాస్త నీరు దాని గుర్తులు. అక్కడ సూక్ష్మజీవి లేదు కాబట్టి యాంటీబయాటిక్‌కి పని లేదు. చీము ఎక్కడా లేదని రక్త పరీక్షలతో, ఎకోతో తేల్చుకున్నాక ఆస్పిరిన్ డోసు పెంచడమో, కోల్చిసిన్ ఇవ్వడమో చేస్తారు. కోల్చిసిన్‌తో విరేచనాలు పట్టుకుంటే మానేయకండి, చెప్పి డోసు తగ్గించుకోండి. మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

ప్రశ్న: మూడో రోజు రాత్రి గుండె లయ తప్పింది. లయ సరిచేసే ఎమియోడరోన్, రక్తం పలుచబడే వార్ఫరిన్ పెట్టారు. ఇప్పుడు నెలన్నర. ఈసీజీ మామూలుగా ఉందంటున్నారు. ఈ మాత్రలు జీవితాంతమా? నాకు గుండె దడ ఎప్పుడూ లేదు, ఆపరేషన్‌లో ఏదైనా పొరపాటు జరిగిందా?

జవాబు: పొరపాటు కాదు. బైపాస్ చేయించుకున్నవాళ్లలో ముగ్గురు నలుగురిలో ఒకరికి ఇది వస్తుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల ఎక్కువ. వయసు మీరినకొద్దీ ఎక్కువ. గుండె పై గదులు వాపుతో చిరాకు పడి ఉంటాయి, పొటాషియం, మెగ్నీషియం అటూ ఇటూ అవుతాయి, అప్పుడు లయ తప్పుతుంది. ఎక్కువమందికి ఆరు వారాల్లో సర్దుకుంటుంది.

లయ తప్పినప్పుడు పై గదిలో రక్తం నిలిచి గడ్డ కట్టి మెదడుకు వెళ్తుందేమోనన్న భయంతోనే వార్ఫరిన్. అందుకని దడ తగ్గింది కదా అని మీకు మీరు ఆపొద్దు. ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించే ఈసీజీ పరికరం) పెట్టి, లయ నిలకడగా ఉంటే, మీ వయసు, షుగర్, బీపీ, పూర్వం పక్షవాతం ఉందా అన్నవన్నీ చూసి ఆపాలో కొనసాగించాలో చెబుతారు. ఎమియోడరోన్ సాధారణంగా ముందు ఆగుతుంది. ఇక్కడో మెలిక ఉంది. ఎమియోడరోన్ వార్ఫరిన్ బలాన్ని పెంచుతుంది. ఆపినా అది ఒంట్లోంచి పోవడానికి వారాలు, నెలలు పడుతుంది. దాంతో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష అంకె) అటూ ఇటూ పోతూ ఉంటుంది. మొదలుపెట్టినప్పుడూ, ఆపాక కూడా ఐఎన్ఆర్ తరచుగా చూపించుకోవాలి. మలం నల్లగా వస్తే, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోతే, తలకు దెబ్బ తగిలితే చిన్నదని వదిలేయకండి.

రోజూ ఒకసారి మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, పూర్తిగా 60 సెకన్లు నాడి లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి, లయ తప్పింది అందులో దొరకదు. చేతి గడియారాలు చెప్పే లెక్క సరే కానీ మీ వేళ్లను నమ్మడం నేర్చుకోండి.

ప్రశ్న: నాకు పక్కటెముకల దారిలో ఒక బైపాస్ చేసి, మూడు వారాల తర్వాత మిగతా రెండు నాళాలకు స్టెంట్లు వేశారు. ఇప్పుడు పన్ను తీయాలట. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, టికాగ్రెలార్ రెండూ అయిదు రోజులు ఆపి రమ్మన్నారు.

జవాబు: పంటి డాక్టర్ ఆపమన్నారని ఆపకండి. పన్ను తీసిన చోట రక్తం కారితే దూది పెట్టి నొక్కవచ్చు. కొత్త స్టెంట్‌లో గడ్డ కడితే నొక్కడానికి వీలుండదు. చాలావరకు పళ్లు ఈ మందులు వాడుతుండగానే తీయవచ్చు. స్టెంట్లు వేసిన డాక్టర్ చేత ఆ ముక్క కాగితం మీద రాయించి పట్టుకెళ్లండి. పన్ను ఆగగలిగితే కొన్ని నెలలు ఆగనివ్వండి.

ప్రశ్న: వడ్రంగం పని, ఎడమచేతి వాటం. ఆపరేషన్ అయి రెండేళ్లు. నడిస్తే ఏమీ లేదు, మెట్లెక్కినా లేదు. చిత్రిక పడుతుంటే మాత్రం పది నిమిషాలకు చెయ్యి లాగేసి, ఛాతీ బిగుసుకుపోతోంది. చెయ్యి ఆపితే తగ్గుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్నారు.

జవాబు: ఈ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. ఇంత శుభ్రంగా లక్షణాలు రాసిన పేషెంటు నాకు అరుదు.

మీ గుండెకు కుట్టిన ధమని ఎక్కడ పుడుతుందో తెలుసా? ఎడమ చేతికి వెళ్లే పెద్ద ధమని నుంచే చీలి వస్తుంది. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువ చీలినట్టు. పైన, చీలిక కన్నా ఎగువన పెద్ద కాలువలో పూడిక పడిందనుకోండి. చెయ్యి ఊరకే ఉన్నంతసేపూ ఉన్న నీళ్లు ఇద్దరికీ సరిపోతాయి. మీరు చిత్రిక పట్టినప్పుడు చేతి కండరాలు నీళ్లన్నీ లాగేసుకుంటాయి, గుండెకు పోవాల్సింది కూడా వెనక్కి తిరిగి చేతికి పోతుంది. కాళ్లతో చేసే ట్రెడ్‌మిల్ పరీక్షలో ఇది ఎందుకు దొరుకుతుంది?

దీనికి మొదటి పరీక్షకు ఖర్చే లేదు. రెండు చేతులకూ బీపీ చూడాలి. ఎడమ చేతిలో పై అంకె కుడి కన్నా 15 నుంచి 20 తక్కువ ఉంటే, ఎడమ మణికట్టు నాడి బలహీనంగా ఉంటే అనుమానం గట్టిదే. తర్వాత డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్), సీటీ యాంజియో (రక్తనాళాల సీటీ స్కాన్). పూడిక తేలితే ఎక్కువగా ఆ చేతి ధమనికే స్టెంట్ వేస్తారు, గుండె జోలికి పోనక్కర్లేదు. మామూలుగా ఆపరేషన్‌కి ముందే రెండు చేతుల బీపీ చూసి ఈ పూడికను పట్టుకోవాలి. పూడిక తర్వాత కూడా పెరగవచ్చు, కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేను. ఒకవేళ రెండు చేతుల బీపీ సమానంగా వస్తే, కుట్టు దగ్గర ఇరుకుందేమో, గ్రాఫ్టు (గుండెకు కుట్టిన ధమని) మెలిక పడిందేమో యాంజియోలో చూడాలి. అది తేలేదాకా చిత్రిక పక్కన పెట్టండి. నొప్పి చెయ్యి ఆపినా తగ్గకపోతే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ప్రశ్న: గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు, దాని మీద చిన్న రంధ్రంలోంచి పసుపురంగు నీరు.

జవాబు: మీకు ఆపరేషన్‌లో గజ్జ నుంచి గుండె–ఊపిరితిత్తుల యంత్రానికి (ఆ రెండింటి పనీ బయటి నుంచి చేసే యంత్రం) గొట్టాలు పెట్టి ఉంటారు. అక్కడి శోషరస నాళాలు (ఒంట్లోని పలచటి ద్రవాన్ని మోసే సన్నటి గొట్టాలు) తెగి ఆ ద్రవం కారుతోంది. పిండొద్దు. ఎక్కువగా ఒత్తుడు కట్టుతోనూ ఓపికతోనూ ఆగుతుంది. ఉబ్బు మీద చెయ్యి పెడితే గుండెతోపాటు కొట్టుకుంటుంటే మాత్రం అది ధమని గోడలోని రంధ్రం కావచ్చు. అదే రోజు డాప్లర్ తీయించండి.

ప్రశ్న: నా భార్యకు ఈ పద్ధతిలో మొదలుపెట్టి, మధ్యలో ఛాతీ ఎముక కోసి పూర్తిచేశారు. ఇప్పుడు రెండు మచ్చలు, రెండు నొప్పులు. ఇంకా కుదరని కొత్త పద్ధతిని మా మీద ప్రయోగించారా? మచ్చలు పోతాయా?

జవాబు: మీ బాధ అర్థమైంది. కొత్త పద్ధతి అన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేను. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో వసీలీ కొలెసొవ్ అనే సర్జన్ రొమ్ము ధమనిని గుండె నాళానికి కుట్టింది ఎడమ పక్కటెముకల సందులోంచే, గుండె కొట్టుకుంటుండగానే. కాలి సిరతో చేసే బైపాస్‌ను 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫావలోరో అనే సర్జన్ మొదలుపెట్టి స్థిరపరిచాక ప్రపంచమంతా ఛాతీ మధ్య దారి పట్టింది. అక్కడి నుంచి గుండె అంతా కనిపిస్తుంది, ఏ నాళానికైనా చెయ్యి అందుతుంది. పక్క దారి మళ్లీ ఊపందుకుంది 1990ల్లో.

మధ్యలో దారి మార్చడం ఓటమి అనుకోకండి. నాళం కండరంలో లోతుగా దాక్కుని ఉండొచ్చు, ఊపిరితిత్తి పక్కటెముకలకు అతుక్కుని ఉండొచ్చు, రక్తస్రావం కావచ్చు, బీపీ నిలవకపోవచ్చు. ఆ సందులోంచి సరిగా కుట్టలేనని తెలిసి కూడా మొండికేసే సర్జన్ దగ్గరికి మా ఇంటివాళ్లను నేను పంపను. రొమ్ము ధమనితో సరిగ్గా పడిన కుట్టు పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైమందిలో తెరుచుకునే ఉంటుంది. మచ్చ కన్నా దాన్ని కాపాడుకోవడం ముఖ్యం. అయితే ఇలా జరిగే అవకాశం ఉందని ముందే చెప్పి సంతకం తీసుకున్నారా, ఎందుకు మార్చారో తర్వాత కూర్చోబెట్టి చెప్పారా? చెప్పకపోతే అడగండి. ఆపరేషన్ నోట్స్ నకలు తీసుకోండి, రేపు మరో డాక్టర్‌కు అది కావాలి.

ఆవిడకు ఇప్పుడు ఎముక కోసినవాళ్ల నియమాలే వర్తిస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు, మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు మోపకూడదు, దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకోవాలి. ఎముక కదులుతున్నట్టు, కిర్రుమన్నట్టు అనిపిస్తే చూపించాలి.

మచ్చల సంగతి: ఏడాదికి పలచబడతాయి. మధ్యది కొందరిలో ఉబ్బి దురద పెడుతుంది. దానికి సిలికాన్ పట్టీలు ఉన్నాయి, గాయం పూర్తిగా మూసుకున్నాకే అంటించాలి. పక్కది ఆవిడకే కనిపించదు.